మావాడు భిక్షువుల దగ్గర ఉంటానంటున్నాడు, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక దగ్గర. నాకు యాభై నాలుగేళ్లు. మావారు పోర్టులో కాంట్రాక్టు పనులు చూసేవారు. షుగర్ ఎక్కువై మానేశారు. అమ్మాయికి పెళ్లయింది. అబ్బాయికి ఇరవై ఏడు, మధురవాడ వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తున్నాడు. పోయిన ఏడాది ఏలూరు దగ్గర పది రోజుల విపశ్యన శిబిరానికి వెళ్లొచ్చాడు. అప్పటి నుంచి తెల్లవారుజామునే లేచి ధ్యానంలో కూర్చుంటున్నాడు. ఈ మధ్య ఊరి బయట ఉండే బౌద్ధ భిక్షువుల దగ్గరకు ఆదివారాలు వెళ్తున్నాడు. వాళ్లు ధ్యానం, ధమ్మం (బుద్ధుడి బోధ) నేర్పుతారట. ఇప్పుడు ఆషాఢ పౌర్ణమి నుంచి మూడు నెలలు వాళ్ల దగ్గరే ఉంటానని, కుదిరితే దీక్ష తీసుకుంటానని అంటున్నాడు. ‘అమ్మా, నువ్వు ఒప్పుకోవాలి’ అని రోజూ అదే మాట. చేపల పులుసు ముట్టడం లేదు. తిట్టినా కోపం రావడం లేదు, నాకు అదే ఇంకా భయంగా ఉంది. మావారు వాడితో మాట్లాడడమే మానేశారు. మా ఇలవేల్పు సింహాద్రి అప్పన్న. వీడు మతం మారిపోతున్నాడా? మా ఆడపడుచు ‘పెళ్లి చేసెయ్, అన్నీ మర్చిపోతాడు’ అంటోంది. పక్కింటావిడ ‘మీవోడు సన్నాసుల్లో కలిసిపోతన్నాడంట గదా’ అని గేటు దగ్గర ఆపి మరీ అడుగుతోంది. తండ్రీకొడుకుల పేరు మీద ఫ్లాట్ లోన్ ఇంకా నడుస్తోంది. ఒప్పుకోవాలా, వద్దా? వద్దంటే చెప్పకుండా వెళ్లిపోతాడా?
– ఒక తల్లి, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. చెప్పకుండా వెళ్లిపోవాలనుకునేవాడు రోజూ మీ ఎదురుగా కూర్చుని ‘నువ్వు ఒప్పుకోవాలి’ అనడు. మీ అబ్బాయి ఆ మాట మర్యాద కోసం అంటున్నదీ కాదు. తల్లిదండ్రులు ఒప్పుకోని బిడ్డకు దీక్ష ఇవ్వకూడదన్నది భిక్షువులు పాటించాల్సిన నియమం. స్వయంగా బుద్ధుడు పెట్టినది. అంటే ఈ వ్యవహారంలో మీరు గేటు దగ్గర నిలబడి చూసే మనిషి కాదు. మీ మాట లేనిదే అక్కడ పని జరగదు.

ఆ నియమం ఎలా వచ్చిందో చెబుతాను. జ్ఞానోదయం తర్వాత బుద్ధుడు తన సొంత ఊరు కపిలవస్తుకు వచ్చినప్పుడు, ఆయన కొడుకు రాహులుణ్ని వాళ్లమ్మ ‘మీ నాన్న దగ్గరకు వెళ్లి నీ వారసత్వం అడుగు’ అని పంపింది. చిన్న పిల్లాడు. వెంటపడి అడిగాడు. బుద్ధుడు తన శిష్యుడు సారిపుత్తుణ్ని పిలిచి ఆ పిల్లాడికి దీక్ష ఇప్పించాడు. తాత శుద్ధోదనుడికి ఈ సంగతి తెలిసింది. అప్పటికే పెద్ద కొడుకు సిద్ధార్థుడు ఇల్లు వదిలిపోయాడు, రెండోవాడు నందుడు భిక్షువైపోయాడు, ఇప్పుడు మనవడు. ఆయన బుద్ధుడి దగ్గరకు వెళ్లి చెప్పిన మాటలు భిక్షువుల నియమాల గ్రంథమైన వినయ పిటకంలో ఉన్నాయి. బిడ్డ మీద ప్రేమ చర్మాన్ని కోస్తుంది, మాంసాన్ని కోస్తుంది, నరాన్ని, ఎముకను కోసి మూలుగ దాకా దిగుతుంది అన్నాడు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా మీ భిక్షువులు ఎవరికీ దీక్ష ఇవ్వకుండా చూడండి అని అడిగాడు. బుద్ధుడు ‘బంధాలు మిథ్య’ అని ఆయనకు వేదాంతం చెప్పలేదు. సరేనని నియమం పెట్టాడు.

మీ బాధను కొత్తగా ఎవరికీ వివరించనక్కర్లేదని చెప్పడానికే ఇదంతా రాశాను. వాళ్ల నియమాల పుస్తకంలోనే అది రాసి ఉంది.

పూర్తి దీక్షను ఉపసంపద అంటారు. ఆ రోజు సంఘం, అంటే భిక్షువులందరి ముందు నిలబెట్టి ప్రశ్నలు వేస్తారు. పెళ్లిచూపుల్లో కూడా అన్ని అడగరు. కుష్ఠు, క్షయ, మూర్ఛ లాంటి జబ్బులు ఉన్నాయా? ఎవరికైనా బానిసవా? అప్పులు ఉన్నాయా? రాజు కొలువులో ఉన్నావా? తల్లీ తండ్రీ అనుమతి ఇచ్చారా? ఇరవై ఏళ్లు నిండాయా? ఒక్కొక్క ప్రశ్న వెనక ఒక్కొక్క గొడవ ఉంది. బింబిసారుడి సైనికులు యుద్ధానికి వెళ్లడం ఇష్టం లేక వచ్చి భిక్షువులైపోతే రాజు అభ్యంతరం చెప్పాడు, ఆ కొలువు ప్రశ్న అలా వచ్చింది. అప్పులవాళ్ల నుంచి తప్పించుకోవడానికి ఒకడు కాషాయం కట్టాడు, అప్పు ప్రశ్న అలా వచ్చింది. బాధ్యత ఎగ్గొట్టి వచ్చేవాడికి అది దాక్కునే చోటు కాకూడదని వాళ్లు మొదటి నుంచీ జాగ్రత్త పడ్డారు.

ఇక్కడ మీ ఫ్లాట్ లోన్ దగ్గరకు వద్దాం. మీ ఉత్తరంలో దాన్ని చివర్లో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నా దృష్టిలో ముందు తేల్చాల్సింది అదే. తండ్రితో కలిసి సంతకం పెట్టిన అప్పు ఉన్నవాడు ‘అప్పులు లేవు’ అని చెప్పలేడు. ఆయనకు సంపాదన లేదు, వాయిదాలన్నీ అబ్బాయి జీతం నుంచే పోతున్నాయనుకుంటాను. కాబట్టి దీక్ష మాట వచ్చినప్పుడు మీరు ఏడవక్కర్లేదు, ‘ఈ లోన్ సంగతేమిటి నాన్నా, కాగితం మీద రాసి చూపించు’ అనండి. ఫ్లాట్ అమ్మి తీర్చాలా, అద్దెకు ఇచ్చి ఆ డబ్బు బ్యాంకుకు కట్టాలా, అక్కాబావా ఏమైనా సర్దుతారా, అతనే ఇంకో రెండు మూడేళ్లు ఉద్యోగం చేసి తీర్చేస్తాడా? నిజంగా ధమ్మం మీద మనసున్నవాడైతే ఈ ప్రశ్నకు చిరాకు పడడు. చిరాకు పడితే అది కూడా మీకు తెలియాల్సిన విషయమే.

ఇంకొకటి మీకు తట్టి ఉండదు. అతని కంపెనీ ఇచ్చే మెడికల్ ఇన్సూరెన్స్‌లో మీ ఇద్దరి పేర్లూ ఉన్నాయేమో చూడండి. రాజీనామా చేస్తే ఆ కవర్ పోతుంది. షుగర్ ఉన్న మనిషికి కొత్తగా పాలసీ తీసుకుంటే, ముందు నుంచీ ఉన్న జబ్బులకు కొంతకాలం డబ్బు రాదు. అందుకని ఈ మూడు నెలలకు రాజీనామా వద్దనండి. జీతం లేని సెలవు అడగమనండి. చాలా కంపెనీలు ఎంతో కొంత ఇస్తాయి. ఇవ్వకపోతే మీ ఇద్దరికీ పాలసీ తీసుకున్నాకే ఉద్యోగం మానమనండి. ఇది స్వార్థం కాదు. దీఘజాణు అనే గృహస్థు వచ్చి ‘మేం పిల్లాపాపలతో బతికేవాళ్లం, మాకు పనికొచ్చేది చెప్పండి’ అని అడిగితే, బుద్ధుడు మొదట చెప్పినవి కష్టపడి సంపాదించడం, సంపాదించింది కాపాడుకోవడం, మంచివాళ్ల స్నేహం, ఆదాయానికి తగ్గ ఖర్చు. మీ అబ్బాయికి ఈ సుత్తం (బుద్ధుడి ఉపదేశం) చూపించండి, భంతేలు, అంటే ఆ భిక్షువులు కూడా కాదనరు.

అసలు మూడు నెలలు ఏమిటన్నది మీకు ఎవరూ చెప్పినట్టు లేరు. మన విశాఖ అంతా సింహాచలం కొండ చుట్టూ ముప్ఫై రెండు కిలోమీటర్లు గిరిప్రదక్షిణ చేసే ఆ ఆషాఢ పౌర్ణమే వాళ్లకూ పెద్ద పండగ. బుద్ధుడు సారనాథ్‌లో మొదటి ఉపదేశం చేసిన రోజు. ఆ మర్నాటి నుంచి వర్షావాసం మొదలవుతుంది. వానాకాలం మూడు నెలలు భిక్షువులు ఊళ్లు తిరగకుండా ఒకేచోట ఉండిపోతారు. వానల్లో తిరుగుతూ పచ్చగడ్డి, చిన్న ప్రాణులను తొక్కుతున్నారని జనం సణిగితే పెట్టిన పద్ధతి ఇది. ఒకేచోట ఉంటారు కాబట్టి నేర్చుకోవాలనుకునేవాళ్లకు అది మంచి కాలం. మీ అబ్బాయి దాన్ని ఎంచుకోవడంలో తప్పేమీ లేదు, ఆలోచించే ఎంచుకున్నాడు.

అయితే మూడు నెలలు అక్కడ ఉండడం వేరు, భిక్షువు కావడం వేరు. మామూలుగా మొదట తెల్లబట్టలు కట్టుకుని అష్టశీలాలు పాటిస్తూ ఉంటారు. జీవహింస, దొంగతనం, అబద్ధం, మత్తు లేకుండా, బ్రహ్మచర్యంతో, మధ్యాహ్నం తర్వాత తినకుండా, పాటలూ అలంకారాలూ ఎత్తు పరుపులూ లేకుండా. ఇందులో వెనక్కి తీసుకోలేని మాట ఏదీ లేదు. ఇంటికొస్తే మళ్లీ మామూలే. ఆ తర్వాత సామణేరుడిగా, అంటే ఇంకా నేర్చుకునే దశలో ఉన్న భిక్షువుగా పది శీలాలు. ఆ తర్వాత ఉపసంపద. అప్పుడు థేరవాదమనే బౌద్ధ శాఖ పద్ధతిలో 227 నియమాలు వస్తాయి, కనీసం ఐదేళ్లు గురువు నీడలో ఉండాలి. అప్పటికి కూడా తలుపు మూసుకుపోదు. ‘నావల్ల కాదు’ అని ఎదుటివాడికి అర్థమయ్యేలా చెప్పి చీవరం (భిక్షువు బట్ట) విడిచి ఇంటికి రావచ్చు. థాయ్‌లాండ్‌లో అయితే మగపిల్లలు కొన్ని వారాలో ఒక వానాకాలమో భిక్షువులుగా ఉండి వచ్చి పెళ్లిళ్లు చేసుకుంటారు, తల్లులే దగ్గరుండి పంపిస్తారు. మన వైపు సన్యాసం అంటే వెనక్కి రాని దారి, తన పిండం తానే పెట్టుకుని వెళ్లిపోవడం. మీ భయం అక్కడి నుంచి వచ్చింది. వీళ్లది అలా కాదు.

ఇక మన మొహం చూడడేమో అన్న బెంగ కూడా మీ ఉత్తరంలో ఉంది, మీరు రాయకపోయినా. వర్షావాసంలో భిక్షువు విహారం వదిలి రాత్రి బయట ఉండకూడదు. కానీ తల్లికో తండ్రికో జబ్బు చేస్తే కబురు రాకపోయినా ఏడు రోజుల దాకా వెళ్లి రావచ్చని వినయంలో ఉంది. కబురు రాకపోయినా అన్నమాట గమనించండి. ఇంకొక భిక్షువు తనకు వచ్చిన బట్టలు తల్లిదండ్రులకు ఇస్తానంటే బుద్ధుడు ఒప్పుకున్నాడు. దీక్ష తీసుకున్నంత మాత్రాన అమ్మ అమ్మ కాకుండా పోదు.

మీకు తీరిక ఉన్నప్పుడు ఒకసారి తొట్లకొండకు వెళ్లండి. భీమిలి రోడ్డులో మంగమారిపేట దగ్గర కొండ ఎక్కితే వస్తుంది. అందరం సముద్రం బాగా కనిపిస్తుందని వెళ్లి ఫొటోలు దిగి వచ్చేస్తాం. 1976లో నేవీ వాళ్లు విమానంలో సర్వే చేస్తుంటే బయటపడిన చోటు అది. తర్వాత పురావస్తు శాఖ తవ్వింది. రెండు వేల ఏళ్ల కిందటి భిక్షువుల గదులు వరుసగా ఉంటాయి, ఒక్కొక్కటి ఒక మనిషి పడుకోవడానికి సరిపడా. స్తూపం, చైత్యాలు, అందరూ కలిసి తినే భోజనశాల, వాన నీళ్లు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు. శాతవాహనుల నాణేలు, రోమన్ నాణేలు దొరికాయి. అవి ఓడల మీద వ్యాపారం చేసేవాళ్ల దానాలై ఉంటాయని పండితులు అంటారు. దగ్గర్లోనే బావికొండ, భీమిలి పక్కన పావురాళ్లకొండ, అటు అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ. ఇన్ని కొండల మీద ఇంతమంది భిక్షువులు ఉన్నారంటే కింద ఊళ్లలో వాళ్లకు అన్నం పెట్టిన సంసారులు అంతకు పదింతలు ఉండి ఉంటారు. భిక్షువు వండుకోకూడదు, రేపటికి దాచుకోకూడదు, ఎవరో ఒకరు చేతికి ఇస్తే తప్ప తినకూడదు. రోజూ గృహస్థుల ముందు నిలబడక తప్పని ఏర్పాటు అది. ఇళ్లతో సంబంధం తెంచుకుని బతకడానికి వాళ్ల నియమాలే ఒప్పవు.

నియమాలు ఇంత బాగున్నంత మాత్రాన ప్రతి కాషాయం వెనకా అవి ఉంటాయని నేను అనడం లేదు. మీ అబ్బాయి వెళ్తున్న చోటు ఎలాంటిదో నాకు తెలియదు. మీరే వెళ్లి చూడాలి, ఒకసారి కాదు, కొన్నిసార్లు. ఏం చూడాలో చెబుతాను.

మొదట డబ్బు. భిక్షువు డబ్బు ముట్టకూడదన్నది నియమం. ఈ రోజుల్లో బస్సు టికెట్, మందులు ఉంటాయి కాబట్టి ఆ లెక్కలు చూసుకోవడానికి ఒక గృహస్థుడో ట్రస్టో ఉంటారు, అది మామూలే. ధ్యానం నేర్పడానికి ఫీజు పెట్టినా, ‘మీ ఫ్లాట్ అమ్మి విహారానికి ఇస్తే పుణ్యం’ అన్నా వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయండి. మీ అబ్బాయి వెళ్లిన విపశ్యన శిబిరాల్లో కూడా ఫీజు ఉండదు, పది రోజులు పూర్తి చేసినవాళ్ల నుంచే విరాళం తీసుకుంటారు. ఆ శిబిరాలు నడిపేది భిక్షువులు కాదు, గృహస్థులు. వాటిని మొదలుపెట్టిన సత్యనారాయణ గోయెంకా వ్యాపారి, సంసారి. భార్య కూడా ఆయన పక్కన కూర్చుని నేర్పేవారు. 1969లో ఆయన బర్మా నుంచి మన దేశానికి వచ్చిందే జబ్బుతో ఉన్న తల్లికి ధ్యానం నేర్పడానికి. ఈ సంగతి మీ వారికి కూడా చెప్పండి, ధ్యానమంటే ఇల్లు వదిలేయడమే అనుకుంటున్నారు కాబోలు.

తర్వాత చూడాల్సింది మహిమలు. భిక్షువును సంఘం నుంచి తీసేసే తప్పులు నాలుగు: మైథునం, దొంగతనం, మనిషిని చంపడం, తనకు లేని సిద్ధి ఉందని చెప్పుకోవడం. నాలుగోది చూడండి, హత్య పక్కన పెట్టారు దాన్ని! నిజంగా ఉన్నా సరే మామూలు జనానికి చెప్పుకోవడం కూడా తప్పే. కాబట్టి ‘మా భంతే అరహంతుడు (ముక్తి పొందినవాడు), ఎదుటివాళ్ల మనసు చదివేస్తారు’ అని గోడల మీద పోస్టర్లు కనిపిస్తే, అది మీకు కావాల్సిన చోటు కాదు.

ఆయన గురువెవరు, ఎక్కడ ఉపసంపద జరిగింది, ఎన్ని వర్షావాసాలు పూర్తయ్యాయి అని అడగండి. అడగడం అమర్యాద కాదు, భిక్షువులు ఒకరినొకరు అడుగుకునే మొదటి ప్రశ్నే అది, వయసు కన్నా వర్షావాసాల లెక్కనే పెద్దాచిన్నా చూస్తారు. తడబడకుండా చెప్తే మంచిది. ఇంటికి ఫోన్ చేసుకోనిస్తారా, మేం ఎప్పుడైనా రావచ్చా అని కూడా అడగండి. పది రోజుల శిబిరంలో మౌనం, ఫోన్ తీసుకోవడం మామూలే. మూడు నెలల పాటు అమ్మానాన్నల్ని కూడా కలవనివ్వం అంటే మాత్రం నాకు నచ్చదు. ఇంకా చిన్న గుర్తు ఒకటి: అక్కడ మీరు ప్రశ్న వేస్తే వాళ్ల మొహాలు ఎలా మారతాయో చూడండి.

ఇప్పుడు మీ అబ్బాయి విషయం. ‘తిట్టినా కోపం రావడం లేదు’ అన్నారు. రోజూ ధ్యానం చేసేవాళ్లలో అది జరుగుతుంది, దానికి భయపడక్కర్లేదు. కానీ నెమ్మదించడం, ముడుచుకుపోవడం బయటికి ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి వేరే సంగతులు గమనించండి. నిద్ర పడుతోందా? బరువు తగ్గాడా? ఫ్రెండ్స్‌తో మాట్లాడుతున్నాడా, మేనల్లుడో మేనకోడలో వస్తే ఆడిస్తున్నాడా? ఆఫీసు పని సరిగ్గా చేస్తున్నాడా? ఈ ఏడాదిలో ప్రేమ వ్యవహారం ఏదైనా చెడిందా, ఉద్యోగంలో దెబ్బ తగిలిందా? ఇవన్నీ బాగుంటే ఆ నెమ్మది నిజమైనదే. తినడం, నిద్ర, మాట మూడూ తగ్గి ‘దేనికీ అర్థం లేదు’ లాంటి మాటలు వస్తుంటే మాత్రం ఎక్కువ గంటల ధ్యానం దానికి మందు కాదు, పెరిగే అవకాశం కూడా ఉంది. మానసిక సమస్యలు ఉన్నవాళ్లు ముందే చెప్పాలని శిబిరాల దరఖాస్తుల్లోనే అడుగుతారు. అప్పుడు ముందు సైకియాట్రిస్టుకు చూపించండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరు చెప్పి జోకులు వేసుకోవడం మన ఊళ్లో అలవాటు, దాన్ని పట్టించుకోకండి. వెళ్లడానికి ఇబ్బంది అనిపిస్తే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మతం గురించి దాచకుండా చెబుతాను. ధ్యానం నేర్చుకోవడం, అష్టశీలాలతో మూడు నెలలు ఉండడం మతం మారడం కాదు. దీక్ష తీసుకుంటే మాత్రం బుద్ధుణ్ని, ధమ్మాన్ని, సంఘాన్ని శరణు వేడతాడు, అప్పుడు అతను బౌద్ధుడే. అది కాదని మీకు సర్ది చెప్పడం నాకు ఇష్టం లేదు. అయితే బౌద్ధుడైతే అప్పన్నను కాదనాలా? జైనుల్ని పోషిస్తూ వచ్చిన ఉపాలి అనే ధనికుడు బుద్ధుడి మాటలు విని మీ శిష్యుణ్నయ్యానన్నప్పుడు, బుద్ధుడు ‘తొందరపడకు, బాగా ఆలోచించుకో’ అన్నాడు. ఇన్నాళ్లూ నీ ఇంటి ముందుకొచ్చిన జైన మునులకు అన్నం పెట్టడం మానకు అని కూడా అన్నాడు. మీ అబ్బాయి మీ పూజగదిని తక్కువ చేసి మాట్లాడితే ఈ కథ గుర్తు చేయండి. చందనోత్సవానికి మీతో రాకపోయినా మిమ్మల్ని బస్సెక్కించి రావచ్చుగా.

చేపల పులుసు సంగతి ఒక ముక్కలో. థేరవాద భిక్షువులకు మాంసాహారం నిషేధం కాదు. తన కోసం చంపారని చూడనిది, విననిది, అనుమానం లేనిది ఎవరైనా పెడితే తినవచ్చు. చేప, మాంసం పూర్తిగా మాన్పించమని దేవదత్తుడనే భిక్షువు పట్టుబడితే బుద్ధుడు ఒప్పుకోలేదు. మీ అబ్బాయి మానేయడం అతని ఇష్టం. పప్పూ కూరా వండి పెట్టేయండి, దాని మీద యుద్ధం వద్దు. మీ పులుసు మీరు తినండి.

మీ ఆడపడుచు సలహాకు మాత్రం గట్టిగా అడ్డం పడతాను. పెళ్లి చేస్తే మర్చిపోతాడన్న వైద్యం శుద్ధోదనుడే చేసి చూశాడు. యశోధర మిగిలింది, రాహులుడు మిగిలాడు. మీ అబ్బాయి మనసు తేలకుండా సంబంధం కుదిర్చి ఒక ఆడపిల్లను ఆ ఇంట్లోకి తెస్తే, రేపు అతను వెళ్లినా కష్టమే, వెళ్లక ముభావంగా ఉండిపోయినా కష్టమే. భర్త లోకాన్ని వదిలి సన్యాసంలో చేరితే భార్య విడాకులు అడగవచ్చని హిందూ వివాహ చట్టంలోనే ఉంది. బౌద్ధులకూ అదే చట్టం వర్తిస్తుంది. అక్కడిదాకా ఎందుకు తెచ్చుకోవడం? సంబంధాలు చూడడం ఏడాది ఆపండి. వయసు మించిపోదు.

అయితే ఒప్పుకోవాలా వద్దా? నేనైతే రెండుగా విడదీస్తాను. మూడు నెలల బసకు ఒప్పుకోండి. ఆ చోటు చూశాక, సెలవు దొరికాక, ఇన్సూరెన్స్, ఈ మూడు నెలల వాయిదాలు సర్దుబాటయ్యాక. దీక్షకు ఇప్పుడే ఔననకండి, కాదనకండి. ‘మూడు నెలలు ఉండి రా, ఇంటికొచ్చి ఆరు నెలలు ఉద్యోగం చెయ్యి, లోన్ దారికి తెచ్చాక అప్పుడు అడుగు’ అనండి. ఇది మోసం చేసి ఆపడం కాకూడదు. ఆరు నెలల తర్వాత మళ్లీ వచ్చి అడిగితే నిజంగా కూర్చుని వినాలి. రట్ఠపాలుడనే కుర్రాడికి తల్లిదండ్రులు అనుమతి ఇవ్వకపోతే నేల మీద పడుకుని అన్నం మానేశాడు. చివరికి స్నేహితులు వచ్చి ‘చచ్చిపోయిన కొడుకును ఏం చూస్తారు, భిక్షువైతే కనీసం చూడనైనా చూస్తారు, నచ్చకపోతే తిరిగి మీ దగ్గరకే వస్తాడు’ అని వాళ్లను ఒప్పించారు. అంతదాకా వెళ్లే ముందే మాట్లాడుకోవడం నయం.

ఇంకొక చిక్కు ఉంది. మీరొక్కరే ఒప్పుకుంటే సరిపోదు. ఆ ప్రశ్నలో తల్లీ తండ్రీ ఇద్దరూ ఉన్నారు. మీవారు మాట్లాడడం మానేసి అతన్ని ఆపుతున్నాననుకుంటున్నారు. నిజానికి ఇంట్లో అతని మనసు తెలుసుకునే దారి మాట్లాడడం ఒక్కటే, దాన్ని మూసేశారు. ఆయన్ని ధమ్మం గురించి ఒప్పించే పని పెట్టుకోకండి. ‘మనవాడు ఎక్కడికి పోతున్నాడో మీ కళ్లతో చూసి చెప్పండి, పోర్టులో ఎంతమందితో పని చేయించారు, మనుషుల్ని చూసి చెప్పగలరు’ అనండి. అది ఆయనకు తెలిసిన పని.

ఒక ఆదివారం ముగ్గురూ ఆటో మాట్లాడుకుని పొద్దున్నే బయల్దేరండి. వంట చేసి తీసుకెళ్తే పదకొండు లోపు చేరాలి, పన్నెండు దాటితే వాళ్లు ముట్టరు. మీవారికి టిఫిను, మందులు వేళకు పడేలా చూసుకోండి, అక్కడ ధ్యానం, ఉపదేశం అయ్యేసరికి ఆలస్యం కావచ్చు. కింద కూర్చోలేకపోతే కుర్చీ అడగండి. భిక్షువులకు నమస్కారం పెట్టాలా వద్దా అని ఆయన మొహమాటపడితే ఊరికే కూర్చోమనండి, ఎవరూ ఏమీ అనుకోరు. అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, పెద్ద భంతేను ఆ లోన్ సంగతి మీవారినే అడగనివ్వండి.